ఆరంగుళాలు

ముప్పై రెండేళ్లు లాకు కాడ లస్కరుగా చేశాను.
ధవళేశ్వరం నుంచి కబురొస్తే
చక్రం పట్టుకుని తిప్పడం,
తలుపెంత లేచిందో చూసి
పుస్తకంలో ఎక్కించడం, అదీ నా పని.
నీళ్లు నావి కావు.
కానీ చెయ్యి ఆ ఇనుముకి అలవాటు పడ్డాక
గోదారి కూడా మన మాట వింటున్నట్టే ఉంటుంది.

ప్రార్థనా అలాగే చేసేవాణ్ణి.
మోకాళ్లూని దేవుడికి కొలతలు చెప్పేవాణ్ణి.
ప్రభువా, పెద్దాడి ఉద్యోగం ఈ వేసంగిలోగా.
ప్రభువా, శివారు ఎకరానికి ఇంకొక్క తడి.
ఇక్కడో ఆరంగుళాలు ఎత్తు,
అక్కడ కాస్త దించు.
చివర ఆమేనని
సంతకం పెట్టినట్టు లేచేవాణ్ణి.

పక్కనే చాప మీద జీవరత్నం
ఏమడిగేదో నాకు వినపడేది కాదు.
పెదాలు కదిలేవి, అంతే.

ఆమె కిడ్నీలు పాడయ్యాయని
కాకినాడ పెద్దాసుపత్రిలో చెప్పిన రోజే
కాలవలు కట్టేశారు.
వంతెన కింద బురదగుంటల్లోకి
కొర్రమీనుల కోసం పిల్లలు గంపలతో దిగారు.
అప్పణ్ణుంచీ వారానికి రెండుసార్లు అమలాపురం బస్సు,
సూది, గొట్టం, నాలుగు గంటలు.
ఆమె రక్తం బయటికెళ్లి
ఉతికి పిండిన చీరలా తిరిగొచ్చేది.
వచ్చేటప్పుడు నా భుజం మీద నిద్రపోయేది,
రావులపాలెం అరటిగెలల లారీలు
హారన్ కొట్టినా లేచేది కాదు.

ఉపవాసాలున్నాను.
శుక్రవారం కూడికలో నిలబడి
స్వస్థత వచ్చేసినట్టే సాక్ష్యం చెప్పేశాను.
పాస్టరు సత్యానందం గారు నా మొహం చూసి
చప్పట్లు కొట్టించలేదు.

ఆగస్టులో ఎర్రనీరు తగిలింది.
రెండో ప్రమాద హెచ్చరిక.
దారిలో కాజ్‌వే మునిగి బస్సు ఆగిపోయింది.
ఆమె కాళ్లు అరటిబోదెల్లా ఉబ్బాయి.
ఏటిగట్టు మీద ఇసకబస్తాల మధ్య నిలబడి
చీకట్లోకి అరిచాను:
"సరే! నీ ఇష్టం. ఇక నేనేం అడగను."

తడిసిన చొక్కాతోనే ఇంటికొచ్చి చెప్పాను,
లోబడిపోయానే,
అంతా ఆయనకే వదిలేశానే అని.
దిండు మీంచి నన్ను చూసింది.
నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"ఉప్పెక్కువైందని నువ్వు కంచం తోసేస్తే
నేనూ అంటాను కదయ్యా, నీ ఇష్టం అని.
అది ఒప్పుకోవడమా?
ఆయన మీద అలిగొచ్చి
లోబడ్డానంటావేంటి?"

కోపమొచ్చింది. అరుగు మీద కూర్చున్నాను.
కప్పలు, వాన, దూరంగా గట్టు మీద టార్చిలైట్లు.
తెల్లారగట్ల లోపలికెళ్తే మేలుకునే ఉంది.
"మరి నువ్వేమడుగుతావు?" అన్నాను,
కాపరానికొచ్చిన ఇన్నేళ్లకి.
"బతకాలనే అడుగుతాను. ఎందుకడగను?
అడిగేసి, చేతులు ఖాళీగా పెట్టుకుంటాను.
నీ చేతులెప్పుడూ చక్రం మీదే."

మూడో రోజుకి నీళ్లు తీశాయి.
ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి తీసుకెళ్లాం.
ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది.
పదకొండే ఎందుకో, పన్నెండు ఎందుకు కాలేదో
ఏ పుస్తకంలోనూ ఎక్కించలేను.
సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు
అందరూ పాడారు. నాకు గొంతు రాలేదు.
ఆయన అది కూడా విన్నాడనుకుంటాను.

ఇప్పుడు మోకరిస్తే
ముందు వేళ్లు విప్పుతాను.
ఒక్కొక్కటే.
ఇనుము పట్టిన వేళ్లు, ఓ పట్టాన విచ్చుకోవు.
చిటికెనవేలు సులువే.
బొటనవేలి దగ్గరికొచ్చేసరికి
కొన్ని రోజులు తెల్లారిపోతుంది.

బయట కొత్త కుర్రాడు తలుపెత్తుతున్న చప్పుడు.
ఎన్నంగుళాలో లెక్కపెట్టబోయి
ఆగుతాను.
ఒక్కోసారే.